ముచ్చటకూ ఓ లెక్కుంది

ఎనిమిది మంది ఆడవాళ్లు, ఒక టెంపో ట్రావెలర్, హిమాలయాల్లో ఉన్ని అల్లే ఊళ్లు. ప్రయాణం పక్కాగా కుదిరిందనుకున్నారు, ఒక్క ఫోన్ కాల్ వచ్చేదాకా.

నోటుబుక్కులో ఎనిమిది వరుసలు. విమానం, వ్యాను, బసలు, భోజనాలు, మందులు, ఆక్సిజన్ సిలిండరు, దారాలు-సూదులు. ప్రతి వరుస చివరా ఒక అంకె. ఆఖరి వరుసకు మాత్రం సున్నా. 'అక్కడి ఆడవాళ్లతో కూర్చుని అల్లిక నేర్చుకోవడం - ఉచితం' అని రాసి ఉందక్కడ. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన టీచర్ రాసుకున్న బడ్జెట్ అది. అందులో తప్పు దొర్లిందని ఆమెకు తెలియడానికి రెండు నెలలు పట్టింది.

ఆమెది నరసాపురం దగ్గర పల్లెటూరు. హైదరాబాద్‌లో స్థిరపడి పాతికేళ్లు దాటింది. ఉంటున్న అపార్టుమెంటులో ప్రతి ఆదివారం సాయంత్రం ఏడెనిమిది మంది ఆమె ఇంట్లో చేరి క్రోషియా అల్లుతుంటారు. వారిలో ఒకరు మనాలీ వెళ్లొస్తూ లాహౌల్ ఉన్ని మేజోళ్ల జత తెచ్చారు. మడమ నుంచి పైదాకా రంగురంగుల గళ్లు. లోపలికి తిప్పి చూస్తే అక్కడా అంతే పొందికగా దారాలు. ఆ జత చేతులు మారుతుండగానే ప్రయాణం మాట వచ్చింది.

నరసాపురం అల్లికకూ లాహౌల్ అల్లికకూ పోలిక తక్కువే. ఇక్కడ ఒక్క సూది, దాని కొనకు కొక్కెం, సన్నటి నూలు దారం. ఏ క్షణంలో చూసినా సూది మీద ఉండేది సాధారణంగా ఒకటో రెండో కుట్లు. పొరపాటు జరిగితే అంతవరకూ లాగేసి మళ్లీ అల్లుకోవచ్చు. మేజోడు అలా కాదు. నాలుగైదు సన్నటి సూదుల మీద పదుల కుట్లు ఒకేసారి నిలిచి ఉంటాయి. ఒక సూది జారితే వరుసంతా విడిపోతుంది. పైగా రెండు రంగుల దారాలను చేతుల్లో మారుస్తూ పోవాలి. పుస్తకంలో బొమ్మలు చూసి నేర్చుకునే పని కాదని, పక్కన కూర్చోవాల్సిందేనని ఆమె తేల్చారు.

ఇక దారి లెక్క. హైదరాబాద్ నుంచి చండీగఢ్‌కు విమానం. అక్కడి నుంచి మనాలీకి దాదాపు 300 కిలోమీటర్ల రోడ్డు. దారిలో కులూ దగ్గర 1944లో మొదలైన భుట్టి నేతగాళ్ల సహకార సంఘంలో ఒక పూట. ఎత్తు ఒంటికి పట్టడానికి మనాలీలో రెండు రాత్రులు. ఆ తర్వాత రోహ్తాంగ్ కొండ కింద తొలిచిన తొమ్మిది కిలోమీటర్ల అటల్ సొరంగం దాటితే లాహౌల్. 2020 అక్టోబరులో ఆ సొరంగం తెరుచుకునే వరకు ఈ లోయ ఏటా సుమారు ఆరు నెలలు మంచుతో బయటి ప్రపంచానికి దూరంగా ఉండేది. అల్లికలు వర్ధిల్లింది ఆ ఆరు నెలల్లోనే. పొలం పని ఉండదు, దారి ఉండదు. ఇనుప తందూర్ పొయ్యి ఉన్న గదిలో ఇంటిల్లిపాదీ చేరితే చేతులకు మిగిలే పని అదే. లాహౌల్ మేజోళ్లకు, చేతి తొడుగులకు ఇప్పుడు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

కేలాంగ్ ఉన్నది 3,000 మీటర్లకు పైన. అందరికీ ముందే డాక్టర్ పరీక్ష, బీపీ ఉన్న ఇద్దరికి గుండె పరీక్ష తప్పనిసరి చేశారామె. ఎవరికైనా తలనొప్పి, వాంతులు తగ్గకపోతే మొత్తం బృందం వెనక్కి దిగాల్సిందేనని, ఒకరిని గదిలో వదిలి మిగతావాళ్లు చూడటానికి పోవడం ఉండదని రాతపూర్వకంగా ఒప్పించారు.

తేదీల దగ్గర చిక్కొచ్చింది. జూలై, ఆగస్టుల్లో వానలు. 2023 జూలైలోనూ, 2025 ఆగస్టులోనూ బియాస్ నది కులూ-మనాలీ రోడ్డును ఎలా కోసేసిందో టీవీల్లో అందరూ చూశారు. నడి చలికాలంలో సొరంగం ఉన్నా భారీ మంచు పడితే రాకపోకలు ఆగుతాయి. హిమపాతాల భయం సరేసరి. మిగిలింది సెప్టెంబరు. 2018 సెప్టెంబరులో అకాల మంచుకు లాహౌల్-స్పితిలో వందల మంది చిక్కుకుపోయిన సంగతి తెలిసినా, ఉన్న నెలల్లో అదే మేలనుకున్నారు. బస చేయబోయే ఇంటి యజమాని, మేజోళ్లు అల్లే పొరుగింటావిడ నంబరు ఇచ్చారు. హిందీలో మాటలు మొదలయ్యాయి.

"సెప్టెంబరులోనా దీదీ?" అని నవ్విందట అవతలి మనిషి. "రండి, బంగాళాదుంపలు తవ్వుదాం."

లాహౌల్‌లో బఠాణీ, కాలీఫ్లవర్, బంగాళాదుంప పండేది మంచు కరిగిన ఆ కొద్ది నెలల్లోనే. పొలం పనిలో ఎక్కువ భాగం ఆడవాళ్లదే. పర్యాటకులు రాగలిగిన నెలల్లో వాళ్ల చేతులు ఖాళీ ఉండవు. చేతులు ఖాళీ అయ్యే నెలల్లో పర్యాటకులు రాలేరు. మీరు నాలుగు రోజులు కూర్చోమంటే ఆ నాలుగు రోజులు మా పొలంలో ఎవరు దిగుతారు, అని ఆమె అడిగిన ప్రశ్న కోపంతో అడిగింది కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

ఆ రాత్రి టీచర్‌కు నిద్ర పట్టలేదు. గుర్తొచ్చింది లాహౌల్ కాదు, సొంత ఇంటి అరుగు. తనకు పదకొండేళ్లప్పుడు లేసు షావుకారు ఒకరు విదేశీ కొనుగోలుదారులను వెంటబెట్టుకుని వచ్చారు. అమ్మ అల్లుతుంటే దగ్గరగా చూశారు, నెమ్మదిగా అల్లమన్నారు, మళ్లీ చేయించారు, ఫొటోలు తీసుకున్నారు. రెండు గంటలు గడిచాయి. పోతూ పోతూ పిల్లలకు బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చారు. వీధిలో అందరూ అమ్మ అదృష్టమే అదృష్టమన్నారు. కూలి మాత్రం అల్లిన దారం లెక్కన. ఆ రెండు గంటల్లో అల్లిన దారం ఎంతని? మర్నాటికి ఇవ్వాల్సిన ముక్క కోసం ఆ రాత్రి అమ్మ కిరసనాయిలు దీపం దగ్గర కూర్చోవడం ఆమెకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది.

జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ నరసాపురం లేసు స్త్రీల మీద రాసిన పుస్తకం 1982లో వచ్చింది. అందులోని వాదన ఇదే. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లుతున్నా ఆ స్త్రీలను ఎవరూ కార్మికులు అనలేదు. తీరిక వేళ ఏదో చేసుకునే గృహిణులన్నారు. తీరిక అనే మాటతో కూలి తగ్గింది, వ్యాపారం పెరిగింది. నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు 2024లో వచ్చింది. టీచర్ తల్లి అప్పటికి లేరు.

తర్వాతి ఆదివారం ఆమె నోటుబుక్కు తెచ్చి సున్నా కొట్టేశారు. ఆ చోట ఒక్కొక్కరికి పూటకు 600 రూపాయలని రాశారు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు.

"ఆదరంగా ఇంట్లో కూర్చోబెట్టుకునే వాళ్లకి డబ్బిస్తే అవమానించినట్టు కాదా టీచర్ గారూ?" అన్నారు ఒకరు. అది కొట్టిపారేసే మాట కాదు. కొండ ఊళ్లలో టీకి డబ్బిస్తే నిజంగానే నొచ్చుకుంటారు. "టీకి ఇవ్వొద్దమ్మా. టీ వాళ్ల మర్యాద. నేర్పినందుకు ఇద్దాం. నేను ట్యూషన్ చెబితే మీరు ఫీజు ఇవ్వలేదా?" అన్నారామె. ఖర్చు పెరుగుతోందని ఒకరు, అంత ముందే బేరమాడుకుంటే ఇక ముచ్చటేముందని మరొకరు తప్పుకున్నారు. ఎనిమిది మంది ఆరుగురయ్యారు. వ్యాను అద్దె ఆరుగురి మీద పడింది. ప్రయాణమే ఆగిపోతుందేమో అన్నంత వరకూ వచ్చింది.

మళ్లీ ఫోన్ చేశారు. ఈసారి తేదీలు అడిగింది అవతలి మనిషిని. దుంప తవ్వకం చాలావరకు ముగిసే అక్టోబరు రెండో వారం అని ఆమె చెప్పింది. పొద్దున గడ్డి, కట్టెలు చేర్చుకునే పని ఉంటుంది కనక మధ్యాహ్నం రెండు నుంచి అయిదు వరకే. అందరూ ఒకే ఇంట్లో కాదు, మూడు ఇళ్లలో ఇద్దరేసి. నేర్చుకునేవాళ్లు ఇద్దరైతేనే సూదులు జారినప్పుడు సరిచేయడం కుదురుతుందట. ఫొటోలు చివరి రోజు, అడిగాకే. రాత్రుళ్లు చలి గడ్డకట్టిస్తుందని, నీళ్ల పైపులు బిగుసుకుపోవచ్చని కూడా ముందే చెప్పింది. కొత్త ప్రణాళికలో దాదాపు సగం లాహౌల్ నుంచి వచ్చిందే.

దానికి తగ్గట్టు టీచర్ దారి కుదించారు. చంద్రతాల్ సరస్సు కొట్టేశారు. మంచు పడితే ఆగడానికి రెండు రోజులు ఖాళీగా ఉంచారు. రోజుకో ఊరు చూడటం పోయి, ఒకే ఊళ్లో నాలుగు రాత్రులు ఉండటం మిగిలింది. ఆ నాలుగు మధ్యాహ్నాల్లో మేజోడు పూర్తికాదని ఆమెకు తెలుసు. మడమ తిప్పడం వరకూ వస్తే చాలంటారు.

టికెట్లు కొన్న రోజు లాహౌల్ నుంచి ఒక సందేశం వచ్చింది. మీ ఊరి తెల్లదారం లేసు ఫొటోలో చూశాను, ఒక సూది, రెండు ఉండలు తెస్తారా, నాకూ నేర్పాలి అని. టీచర్ సంతోషంగా తెస్తానన్నారు. వెంటనే మరో సందేశం: "ఖరీదెంతో ముందే చెప్పండి దీదీ. నేర్పినందుకు కూడా."

నోటుబుక్కులో తొమ్మిదో వరుస చేరింది. దాని చివర ఏం రాయాలో ఆమె ఇంకా ఆలోచిస్తున్నారు.