నేలపై నిలిచిన వైమానికుడు

భిలాయి ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. అక్కడి కొలువుల కోసం తరలివెళ్ళిన తెలుగు కుటుంబాలలో ఇప్పుడు మూడవ తరం పెరుగుతున్నది. రైల్వేలకు 260 మీటర్ల పొడవైన పట్టాలను పంపే ఆ కర్మాగారంలో జీవితం గడిపిన ఒక పెద్దమనిషికి, విశ్రాంతి లభించిన తరువాత, అరచేతిలో పెట్టుకుంటే ఉన్నదో లేదో తెలియని బల్సా కర్రపై మనసు పోయింది. వరికోతలు ముగిసిన చలికాలపు ఆదివారాలలో, ఉతై సమీపంలోని ఒక బీడుభూమికి ఆయన మనుమడితో కలిసి వెళుతుంటాడు. రేడియో తరంగాలతో నడిచే బుల్లి విమానాలను చంకన పెట్టుకొని ఇంకా కొందరు అక్కడ చేరుతారు.

మంచు విడేదాకా ఎవరూ తొందరపడరు. చల్లని గాలి చిక్కగా ఉంటుంది కనుక రెక్కలకు ఆసరా ఎక్కువ. మిథనాల్‌లో ఆముదం కలిపిన ఇంధనంతో నడిచే పాత ఇంజన్‌ను ఎవరైనా తెచ్చారంటే ఆ కమ్మటి కమురువాసన చుట్టూ పదిమంది మూగుతారు. బ్యాటరీ మోటార్లు వచ్చాక ఆ వాసన అరుదైపోయింది.

ఈ సరదా కొత్తదేమీ కాదు. అమెరికాకు చెందిన గుడ్ సోదరులు 1937లో రేడియోతో నడిపిన ‘గఫ్’ అనే విమానం నేడు స్మిత్సోనియన్ సంగ్రహాలయంలో ఉన్నది. చాలాకాలం ఇద్దరు ఒకే తరంగంపై మీటలు నొక్కితే విమానం కూలవలసిందే. అందుకని మైదానంలో ఒక పలకకు అంకెలు వేసిన బట్టల క్లిప్పులు తగిలించేవారు. క్లిప్పు చేత ఉన్నవాడిదే ఆకాశం. 2.4 గిగాహెర్ట్జ్ పరికరాలు వచ్చి ఆ బెడదను తొలగించాయి. ఒకరినొకరు అడిగి ఎగురవేసే మర్యాద కూడా దానితోపాటే కొంత పలచబడింది.

తొలగనిది మరొక చిక్కు. విమానం దూరంగా పోతున్నంతసేపు దాని కుడి మన కుడే. తిరిగి మనవైపు వస్తున్నప్పుడు కుడి ఎడమవుతుంది. నేలమీద నిలబడి, దానిలో కూర్చున్నవాడివలె ఆలోచించాలి. పుస్తకం చదివితే ఇది క్షణంలో అర్థమవుతుంది. వేళ్ళకు అర్థం కావడానికి నెలలు పడుతుంది.

సంక్రాంతి వెళ్ళిన ఆదివారం, మనుమడు మొదటిసారి ఒంటరిగా ఎగురవేశాడు. నాలుగు నెలలు రాత్రిళ్ళు ఇద్దరూ కూర్చుని అతికించిన విమానమది. రెండు చుట్లు బాగానే తిరిగింది. మూడవ చుట్టులో, వాలుగా ఉన్న ఎండలోకి పోయి క్షణకాలం కనిపించలేదు. కనిపించేసరికి ఎదురుగా వస్తూ ఒక పక్కకు ఒరుగుతున్నది.

“తాతా, నువ్వు పట్టుకో!” అన్నాడు కుర్రవాడు, ట్రాన్స్‌మిటర్ చాచి.

అందుకోవడం ఆయనకు నిమిషంలో పని. అయినా చేతులు వెనక్కి కట్టుకునే ఉన్నాడు.

“ఏ రెక్క వాలితే పుల్లను ఆ పక్కకే తొయ్యరా” అన్నాడు, గొంతు పెంచకుండా.

కుర్రవాడు తోశాడు. విమానం నిటారైంది గాని, అప్పటికే ఎత్తు చాలలేదు. కోసిన వరిమోళ్ళలో ముక్కు గుచ్చుకొని పల్టీ కొట్టింది. ప్రొపెల్లర్ విరిగింది, ఒక చక్రం ఊడి గట్టు దాటింది. రెక్కలు మాత్రం చెక్కుచెదరలేదు.

అందరూ వెళ్ళి మోళ్ళలో ముక్కలు వెదికారు. చక్రం దొరికేసరికి ఎండెక్కింది. సాయంత్రానికి జిగురు ఆరుతుందా అని మనుమడు అడిగాడు. రాత్రికి ఆరుతుందని చెప్పి, తాత స్కూటర్ స్టార్ట్ చేశాడు.