స్విచ్ వేయొద్దు, ముందు విప్పండి

2025లో వినాయక చవితి ఆగస్టు 27న వచ్చింది. ఆ రోజు తెలంగాణలోని కామారెడ్డి జిల్లాలో మండపాల్లోకి వినాయకుడు, ఇళ్లలోకి వరద ఒకేసారి వచ్చాయి. రాజంపేట మండలం అర్గొండలో ఒక్కరోజులోనే 40 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది. కామారెడ్డి పట్టణంలోని జీఆర్ కాలనీలో కార్లు కొట్టుకుపోయాయి. తలమడ్ల దగ్గర పట్టాల కింది కట్ట కోసుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. ఎల్లారెడ్డి వైపు, 1922లో పూర్తయిన పోచారం ప్రాజెక్టు మీదుగా వరద పొర్లుతుంటే దిగువ ఊళ్ల జనం ప్రాణాలు అరచేత పెట్టుకున్నారు. ఆ పాత కట్ట మాత్రం నిలబడింది.

ఇలాంటి వరద వార్తల్లో ఇళ్లు, పంటలు, రోడ్లు కనిపిస్తాయి. ఇంటి పక్కన రేకుల షెడ్డులో నడిచే చిన్న పనికొట్టు కనిపించదు. ఒక మూల దర్వాజలు, కిటికీలు చేసే వడ్రంగం, ఇంకో మూల గేట్లు, గ్రిల్స్ చేసే వెల్డింగు. మిషన్లు నేల మీదే ఉంటాయి కాబట్టి మోకాలి లోతు నీళ్లు చాలు, ఇంటి బతుకుదెరువు మునిగిపోవడానికి.

నీళ్లు దిగాక ఎవరి చెయ్యయినా ముందు స్విచ్ మీదికే పోతుంది, మిషన్ తిరుగుతుందో లేదో చూద్దామని. అసలు నష్టం అక్కడే మొదలవుతుంది. తడిసిన మోటారుకు కరెంటు ఇస్తే లోపలి చుట్లు కాలిపోతాయి, షాక్ కొడితే మనిషి ప్రాణానికే ముప్పు. మోటారు విప్పి, మంచినీళ్లతో బురద కడిగి, బాగా ఆరబెట్టి, మెగ్గర్ అనే పరీక్ష మీటరుతో ఇన్సులేషన్ చూడాలి. రీడింగు ఒక మెగోమ్ కూడా రాకపోతే మళ్లీ ఆరబెట్టాలి. అప్పటికీ రాకపోతే రీవైండింగే గతి. బేరింగుల్లోకి ఒండ్రు చేరితే వాటి మీద ఆశ వదులుకోవాలి.

వెల్డింగు మిషన్లలో తమాషా ఒకటుంది. చుట్లతో నడిచే బరువైన పాతకాలపు మిషన్‌ను కడిగి, ఆరబెట్టి, పరీక్ష చేయించి దారికి తెచ్చుకోవచ్చు. భుజాన వేసుకుని తిరిగే ఇన్వర్టర్ మిషన్ లోపలంతా ఎలక్ట్రానిక్ బోర్డే. దాంట్లో బురద చేరిందంటే బాగు చేయించే ఖర్చు కొత్తదాని ధరకు దగ్గరగా పోతుంది. తడిసిన కటింగ్ చక్రాలు, గ్రైండింగ్ రాళ్లు ఆరాక బాగానే కనిపిస్తాయి, కానీ నమ్మరాదు. వేగంగా తిరుగుతూ పగిలితే ముక్కలు ముఖం మీదికే వస్తాయి. వాటిని విరగ్గొట్టి పారేయడమే మేలు. పొడవాటి వెల్డింగు రాడ్లు చెమ్మ పట్టాక వాడితే అతుకులో బుడగలు పడతాయి.

చేతి పనిముట్లది వేరే కథ. బాడిస, సుత్తె, ఉలి, రందా బ్లేడు, అన్నిటికీ బురద ఆరేలోపే తుప్పు మొదలవుతుంది. అలాంటి ఒక ఉలిని ముందు కడిగి, నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో రాత్రంతా ఉంచితే పొద్దున్నకు ఎర్ర తుప్పు వదులై, ఇనుప బ్రష్షుతో రుద్దగానే నల్లటి మడ్డిలా ఊడొస్తుంది. అడుగున బూడిద రంగు ఇనుము కనిపిస్తుంది. తర్వాత తినే సోడా నీళ్లలో ముంచి, తుడిచి, ఎండలో పెట్టి, వెంటనే నూనె రాయాలి. నూనె మరిస్తే సాయంత్రానికే మళ్లీ ఎర్రబడుతుంది. పిడి చెక్క ఉబ్బి పగిలితే కొత్తది వేసుకోవచ్చు. ఆ తర్వాత సాన మీద పదును పెడితే ఉలి మళ్లీ పనిలోకి వచ్చినట్టే.

కలప విషయంలో తొందర పనికిరాదు. తడిసిన టేకు చెక్కలను ఎండలో పరిస్తే కొసలు పగులుతాయి. నీడలో, చెక్కకూ చెక్కకూ మధ్య సన్నటి పుల్లలు పెట్టి, గాలి ఆడేలా పేర్చాలి. మామూలు ప్లైవుడ్ మాత్రం పొరలు పొరలుగా విడిపోతుంది, ఎండీఎఫ్ ఉబ్బి ముద్దవుతుంది.

ఇక డబ్బుల లెక్క. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడను ముంచాక ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నేల అంతస్తు ఇంటికి 25 వేలు, ఏడాదికి 40 లక్షల లోపు టర్నోవర్ ఉన్న చిన్న పరిశ్రమకు 50 వేల రూపాయలు ప్రకటించింది. పెరట్లోని షెడ్డును ఇల్లనాలా, పరిశ్రమ అనాలా? 2022-26 కాలానికి కేంద్రం ఇచ్చిన విపత్తు సాయ నిబంధనల్లో చేతివృత్తి వారి పనిముట్లకు 5 వేలు, ముడిసరుకుకు మరో 5 వేలు ఉన్నాయి. ఒక మోటారు రీవైండింగు, రెండు బేరింగులు, నాలుగు చక్రాలు కొనేసరికి ఆ సొమ్ము ఆవిరి. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగులకు, కమ్మరులకు పనిముట్ల కోసం 15 వేల వరకు, 5 శాతం వడ్డీకి తొలి విడత లక్ష రూపాయల అప్పు దొరుకుతాయి. అయితే అది వరద సాయం కాదు.

అందుకే మళ్లీ కట్టుకునేటప్పుడు స్విచ్‌బోర్డును తల ఎత్తుకు మార్చండి. మిషన్లకు సిమెంటు దిమ్మెలు పోయించండి. గ్యాస్ సిలిండర్లను గోడకు గొలుసుతో కట్టండి. చిన్న పరిశ్రమలకిచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్‌కు పైసా ఖర్చు లేదు, షెడ్డు పేరున అది చేయించండి. మళ్లీ నీళ్లొస్తే, బురద కడగక ముందే ప్రతి మిషన్ నంబరు ప్లేటుతో సహా ఫొటో తీసి, పంచనామాలో ఇంటితోపాటు షెడ్డునూ రాయించండి.