నెంబర్లు మిగిలాయి

14 సెప్టెంబరు 2024, సింగ్‌నగర్
బురద ఎత్తడం ఇవాళ్టికి ఒక కొలిక్కి వచ్చింది. ఒకటో తారీఖు ఆదివారం బుడమేరు వరద ఇంట్లోకొచ్చినప్పుడు అల్మరా కింది అర మునిగింది. మొక్కల పుస్తకం అందులోనే. ఎండబెట్టి విప్పితే పేజీకో నీలం మరక. మేడ మీద కాగితం పూల కుండీలు పద్నాలుగూ చెక్కుచెదరలేదు. కుండీ మీద నెంబరు వేసి, పేరు పుస్తకంలో రాసుకున్న తెలివి నాది. గేటు పక్క నేలలో ఉన్న పాత తీగ మాత్రం వేరు కుళ్లి వాలిపోయింది.

వీధంతా పరుపులు ఆరబెట్టుకుంటోంది. ఈ సమయంలో పూల పేర్లు పోయాయని ఎవరితో అనను?

6 అక్టోబరు
కడియం వెళ్లొచ్చా. ఒక నర్సరీలో కుర్రాడికి ఫోన్లో ఫొటోలు చూపించా. 3వ నెంబరు "థాయ్ అండి". 8 "డబుల్ అండి". తక్కినవన్నీ "హైబ్రిడ్ అండి". అమ్ముకోవడానికి ఆ పేర్లు చాలు, అతని తప్పేం లేదు.

17 నవంబరు
పూత మొదలైంది. భూతద్దం, పెన్సిలు పట్టుకుని కూర్చున్నా. (సిరాతో ఇక రాయను.)

రంగును నమ్మితే మోసమే. 3వ నెంబరు విచ్చుకున్నప్పుడు నారింజ, వారం తిరిగేసరికి గులాబీ. అసలు మనం పువ్వంటున్నది పువ్వే కాదు, రంగెక్కిన ఆకు. పువ్వు లోపల సన్నటి గొట్టంలా ఉంటుంది, గుత్తికి మూడు. పేరు పట్టాలంటే ఆ గొట్టం, ముల్లు, ఆకు మీది నూగు చూడాలి. 2, 5, 14 ఆకులు నున్నగా మెరుస్తున్నాయి, గొట్టం ఐదు అంచులతో కింద కాస్త ఉబ్బి ఉంది. ఇవి గ్లాబ్రా జాతి. 9వ దాని ఆకు వేలికి ముఖమల్‌లా తగిలింది, ముల్లు కొక్కెంలా వంగింది. స్పెక్టాబిలిస్ అనుకుంటున్నా.

ఎదురింటి పిన్నిగారు పైకొచ్చి 8వ కుండీ చూసి, "ఇది ముద్ద కాగితం కదయ్యా" అన్నారు. ముద్దమందారం, ముద్దబంతి లెక్కన. భూతద్దం అక్కర్లేకుండానే సగం పని చేసిపెట్టారు. వెతికితే లోపల అసలు పువ్వు లేనే లేదు. వాడిన రేకలు రాలవు, ఎండి కొమ్మకే గోధుమరంగు చెత్తలా వేలాడతాయి. ఇలాంటి ముద్దరకాల్లో 'మహారా' ఒకటి. నాదీ అదేనని ఇంకా రాయను.

22 డిసెంబరు
చలికి కాళ్లు పట్టేశాయి. చదువు మాత్రమే.

1767లో రియో డి జనీరోలో వృక్షశాస్త్రవేత్త కామర్సన్ ఈ తీగను చూసి, తమ ఓడల దండు నాయకుడు బూగెన్‌విల్ పేరు పెట్టాడు. మగవేషంలో కామర్సన్ వెంట తిరిగి మొక్కలు సేకరించిన జాన్ బారే పేరు ఒక మొక్కకి రావడానికి 2012 దాకా పట్టింది. అదీ వంగ జాతి మొక్కకి! 1910లో మిసెస్ బట్ అనే ఆవిడ కొలంబియాలోని కార్తహేనా నుంచి ట్రినిడాడ్‌కి ఎర్రరకం తెచ్చింది. దానికి ఆవిడ పేరే. ఆపైన దాని వంశమంతా బట్టియానా.

మనవాళ్లు చూసినదాన్ని బట్టి కాగితం అన్నారు, ముద్ద అన్నారు. నాకు అదే నచ్చుతుంది. కానీ ముద్దల్లో ఏ ముద్ద అని అడిగితే మాత్రం ఆ పేరు చాలదు.

19 జనవరి 2025
6వ కుండీ! పది రోజులు నీళ్లు మాడ్చానేమో, విరగబూసింది. ఒక కొమ్మ గులాబీ, పక్క కొమ్మ తెలుపు, ఇంకోచోట ఒకే గుత్తిలో రెండూ. 'మేరీ పామర్'. మిసెస్ బట్ కొమ్మ ఒకటి కలకత్తాలో తనంత తాను మారిపోయి పుట్టిన రకం. మొగ్గలో పొరకో గుణం ఉంటుందట, ఏ పొర పైకొస్తే ఆ రంగు. ఆకు మధ్య పసుపు ఉంటే 'తిమ్మా' అయ్యేది, లాల్‌బాగ్‌ది. ఆకు తిప్పితిప్పి చూశా, పచ్చగానే ఉంది. సెప్టెంబరు తర్వాత గట్టిగా రాసిన మొదటి పేరు ఇది.

తెల్లకొమ్మ ఒక్కటే కోసి నాటుకుంటే? మేరీ పామర్ నుంచి అలా వచ్చిన తెల్లరకాన్నే 'శుభ్ర' అన్నారు. అంటే వేరు ఒకటే, కత్తెర ఎక్కడ పడితే పేరు అక్కడ మారుతుంది. రాత్రి చాలాసేపు దీని గురించే ఆలోచించా.

23 ఫిబ్రవరి
11వది ఇటుక రంగు. ఆ రంగులో రకాలు బోలెడు. ప్రపంచంలో ఎక్కడ కొత్త కాగితం పూలరకం పుట్టినా పేరు నమోదు చేసేది మన ఢిల్లీ పూసా వ్యవసాయ పరిశోధన సంస్థే. ఆ పట్టికలో ఇప్పటికే ఉన్న పేరును ఊహతో తెచ్చి నా కుండీకి తగిలించడం ఇష్టం లేదు. 11 అని వదిలేశా. పద్నాలుగులో పేరు తేలింది ఒకటే, జాతి తేలినవి నాలుగు.

తెల్లకొమ్మ ముక్క వేరు పట్టింది. ఎక్కడ గులాబీ పూసి పరువు తీస్తుందోనని నాకు బెంగ. పిన్నిగారికి ఇస్తే పేరేంటని అడిగారు. ఇంకా లేదన్నాను. ఆవిడ మనవడితో కుండీ మీద సున్నంతో '6 తెలుపు' అని రాయించుకుని తీసుకెళ్లారు.