అమ్మ బదులు నేనిచ్చిన జవాబు

2020 మార్చి ఆఖరి వారంలో అమ్మకి కాకినాడలో ఎండోస్కోపీ చేయాలి. ఏడాదిగా పొట్టలో మంట, రెండు ముద్దలు తినగానే చాలనడం. 25న లాక్‌డౌన్ పడింది. ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది: "అర్జెంటు కానివన్నీ వాయిదా వేస్తున్నామండి." గొంతులో గొట్టం దింపుతుంటే దగ్గు తుంపరలతో వైరస్ గాల్లోకి లేస్తుందని జీర్ణకోశ వైద్యుల సంఘాలు దేశమంతటికీ అదే చెప్పాయి. నాకైతే హాయిగానే అనిపించింది. బ్యాంకు పని, పిల్లల చదువు, ఇంకా ఈ తిప్పలొకటా అనుకున్నాను.

మా యానాం రాజధాని పుదుచ్చేరి 800 కిలోమీటర్ల పైనే. పెద్ద డాక్టరంటే మాకు కాకినాడే, 30 కిలోమీటర్లు. తాళ్ళరేవు, కోరంగి మీదుగా సినిమాకి వెళ్ళొచ్చే దారి. బారికేడ్లు పెట్టాకే అది వేరే రాష్ట్రమని గుర్తొచ్చింది. అడిగినవాళ్ళందరికీ "బోర్డరండి, ఏం చేస్తాం" అనేవాణ్ణి. ఆ మాట ఎంత సుఖంగా ఉండేదో!

మేలో డాక్టరు గారు ఫోన్లో దొరికారు. "మలం నల్లగా వస్తోందా?" అన్నారు. "లేదండి," అన్నాను. అబద్ధమే. రెండు రోజుల ముందే అమ్మ, "ఒరేయ్, తారులా జిగురుగా పోతోందిరా" అంది. ఐరన్ బిళ్ళల వల్ల నల్లబడుతుందని ఎక్కడో విని ఉన్నాను, అదే అనుకున్నాను. నలుపొకటే కాదు, ఆ జిగురు, ఆ కంపు పైపేగులో రక్తం కారుతోందనడానికి గుర్తులట. ఫోను అమ్మకిస్తే ఊళ్ళో సంగతులన్నీ చెబుతుందని ఇవ్వలేదు. మోకాళ్ళ నొప్పికి వాడే బిళ్ళల సంగతీ ఎత్తలేదు. గ్యాసు బిళ్ళలతో పాటు వాటినీ మెడికల్ షాపు నుంచి తెచ్చింది నేనే.

జూన్‌లో ఓ పొద్దున అమ్మ పెరట్లో నూతి దగ్గర పడిపోయింది. అంబులెన్సులో చెక్‌పోస్టు దగ్గర కాగితాలు తీయబోతుంటే, పోలీసాయన అమ్మ మొహం చూసి బారికేడ్ జరిపేశాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. మూడు నెలలు నేను చెప్పుకున్న బోర్డరు అంతే.

రక్తం ఎక్కించారు. కిట్టు వేసుకున్న డాక్టరు గారు చిన్నపేగు మొదట్లో పుండు చూసి, కారుతున్న చోట క్లిప్పు వేశారు. బయటికొచ్చాక నన్ను పక్కకి పిలిచి, "రక్తం పోయే కేసులు మేం ఒక్కరోజూ ఆపలేదండి. మేలో అడిగాను కదా," అన్నారు. అమ్మ వినలేదనే అనుకున్నాను.

ఇప్పుడు డాక్టరుకి ఫోను కలపగానే అమ్మ చెయ్యి చాస్తుంది. నేను ఇచ్చేసి, పక్క గదిలోకి వెళ్ళిపోతాను.