పాటలోని ప్రేమ - పొలములోని చరణము



ప్రార్థనలో మన అక్కరలు అడుగుతాము, ప్రసంగములో వాక్యము వింటాము. దేవుని ప్రేమిస్తున్నామని నోరారా చెప్పుకొనేది మాత్రము ఎక్కువగా పాటలోనే.

తెలుగు సంఘానికి ఈ భాగ్యము నిన్న మొన్న దొరికినది కాదు. బ్రాహ్మణ కుటుంబములో పుట్టి, 1833లో బాప్తిస్మము పొందిన పురుషోత్తమ చౌదరిగారు (1803-1890) మన పెద్దల చెవులకు అలవాటైన రాగతాళములలోనే క్రీస్తును కీర్తించారు. దేవుని తండ్రీ, స్వామీ అని చనువుగా పిలుచుకొనే తెలుగువారి భక్తిని ఆయన సిలువ పాదముల యొద్దకు తెచ్చారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరిస్తే పాటలకు పైన రాగము, తాళము అచ్చువేసి ఉంటాయి. పల్లవి మరల మరల తిరిగి వస్తుంది గనుక చదువురాని తల్లులకు సహితము అవి కంఠస్థమైనవి. పగలంతా నాట్లు వేసి, కాళ్ల బురద కడుక్కొని, రాత్రి కూడికలో పుస్తకము లేకుండా చరణములన్నీ పాడే స్త్రీలను మా నేరేడుచర్ల ప్రాంతములో నేనెరుగుదును.

అయితే పాట ప్రేమను చెప్పగలదు గాని ప్రేమకు బదులుగా నిలువలేదు.

మాది నాగార్జునసాగర్ ఎడమ కాల్వ క్రింది నేల. నీళ్లు తక్కువైన ఏడు వంతుల తగాదాలు తప్పవు. అటువంటి ఒక ఏడు మా సంఘములోని అన్నదమ్ములిద్దరికి మాటలు లేకుండా పోయాయి. తమ్ముని మడి తూముకు దగ్గర. అన్న పొలము చివర ఎండుతున్నది. ఆదివారము మాత్రము ఒకరు కంజీర, ఒకరు తాళములు పట్టి గొంతెత్తి పాడేవారు. ఒకనాడు ఆరాధన ముగిశాక సంఘములోని పెద్దమ్మ ఒకరు ఆ తమ్ముని పిలిచి, "పల్లవి ఇద్దరూ మంచిగనే పాడిన్రు బిడ్డా. చరణం పొలంకాడ పాడాలె" అన్నది. అంతకుమించి ఒక్క మాట అనలేదు.

అన్నదమ్ములు ఆ రోజు మాట్లాడుకోలేదు. కాని తరువాతి వంతులో తమ్ముడు సగము రాత్రి నీళ్లు అన్న మడికి మళ్లించాడు. మాటలు మెల్లగా, పంట కోతల నాటికి కలిశాయి.

ఆమోసు 5:23, 24 చదివినప్పుడెల్లా నాకు ఆ కాల్వే జ్ఞాపకము వస్తుంది. మీ పాటల ధ్వని నాకు వద్దు, న్యాయము నీళ్లవలె పారనీయండని దేవుడు అక్కడ తన ప్రజలను అడుగుతున్నాడు. కనబడే సహోదరుని ప్రేమించనివాడు కనబడని దేవుని ప్రేమించలేడని 1 యోహాను 4:20 కూడా మనలను నిలదీస్తుంది.

నేడు మన మందిరాలలోకి కీబోర్డులు, పెద్ద స్పీకర్లు వచ్చాయి. క్రొత్త పాటలూ వచ్చాయి. మంచిదే. పాత పాటా, క్రొత్త పాటా అనేది ప్రభువు అడిగే ప్రశ్న కాదు. ఆ పాట మనతో ఇంటిదాకా వచ్చిందా? అత్తాకోడళ్ల నడుమ, గట్టు పొరుగువాని నడుమ అది వినబడుతున్నదా?

ఈ వారము కుటుంబ ప్రార్థనలో పాట ఎత్తుకొనకముందు, మనము ఎవరితో మాట మానుకున్నామో ఒకసారి తలంచుకుందాము. పెదవులతో పాడినదానిని చేతులతోను పాడే కృప ప్రభువు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.