బాన్సువాడ నుండి దుబాయి ఎంత దూరం?

నిజాంసాగర్ ఆయకట్టు వరి పొలాల నడుమ ఉన్న పట్టణం బాన్సువాడ. ఇక్కడి ఎన్నో కుటుంబాల బిడ్డలు గల్ఫ్ దేశాలలో కష్టపడుతున్నారు. ఇంటి నుండి శంషాబాద్ విమానాశ్రయానికి 150 కిలోమీటర్లకు మించిన రోడ్డు ప్రయాణం. అక్కడి నుండి దుబాయికి ఆకాశమార్గాన సుమారు 2,550 కిలోమీటర్లు. విమానం దాదాపు 4 గంటలలో చేరుస్తుంది. జిద్దాకు సుమారు 4,100 కిలోమీటర్లు. 6 గంటల ప్రయాణం. ఒకనాడు హజ్ యాత్రికులు బొంబాయి రేవు నుండి ఓడలో రోజుల తరబడి పయనించి జిద్దా చేరేవారు.

ఫిఖ్హ్ దృష్టిలో ప్రయాణానికి మరో కొలత ఉంది. సుమారు 78 కిలోమీటర్ల దూరం వెళ్ళే సంకల్పంతో ఊరి పొలిమేర దాటినవాడిని హనఫీ ఉలమాలు ముసాఫిర్‌గా పరిగణిస్తారు. నాలుగు రకాతుల ఫర్జ్ నమాజును అతడు రెండు రకాతులకు కుదించి చేస్తాడు. దీనినే ఖస్ర్ అంటారు. అంటే మన అబ్బాయి విమానం ఎక్కకముందే, బాన్సువాడ దాటగానే ముసాఫిర్ అవుతాడు. దుబాయి చేరి 15 రోజులో, అంతకు మించో ఉండే సంకల్పం చేసుకుంటే మళ్ళీ ముఖీమ్. నమాజు పూర్తిగా చేయాలి.

తల్లి లెక్కలో మాత్రం కొడుకు తిరిగి గడప తొక్కేవరకూ ముసాఫిరే. సెలవు దొరికి, టికెట్టు డబ్బు సమకూడేసరికి ఆ 4 గంటల దారి ఏళ్ళు పడుతుంది.

పరదేశంలోని సోదరులారా! దుబాయి గడియారం మనకంటే గంటన్నర వెనుక. అక్కడ మగ్రిబ్ అయ్యేసరికి ఇక్కడ ఇషా వేళ. అమ్మీ మేలుకొని ఉన్న సమయం చూసి, డబ్బు పంపని రోజున కూడా పలకరించండి. ఖస్ర్ సౌలభ్యం నమాజుకే ఉంది. తల్లిదండ్రుల హక్కుకు లేదు.