తెర మీద 4.1

మా ఖాలాకు నా నౌకరీ ఏందో ఇప్పటికీ సమజ్ కాలేదు. "కంప్యూటర్ పని అంటావు, చేతిలో స్క్రూడ్రైవర్ పట్టుకొని బండి మీద తిరుగుతావు. మీ అబ్బా చేసిందీ అదే కదరా" అంటుంది. ఒక లెక్కన సహీ మాటే. అబ్బా రాజుపాలెంలో ముప్పై ఏళ్ళు బోరు మోటార్లకు వైండింగ్ చేసినాడు. నేను పాలకేంద్రాల్లో ఉండే చిన్న కంప్యూటర్లకు లినక్స్ మారుస్తాను. ఆయన చేతులకు వార్నిష్ వాసన ఉండేది, నా చేతులకు ఉండదు. అంతే ఫరక్.

ఆ చిన్న కంప్యూటర్ అంటే ఏందో ముందు చెప్తాను, లేకుంటే తర్వాత జరిగింది అర్థం కాదు. అరచేతిలో పట్టే ఒకే ఒక బోర్డు. ప్రాసెసర్, మెమొరీ, తీగలు తగిలించే చోట్లు అన్నీ దాని మీదనే. పిల్లలు చదువుకోవడానికి ఇంగ్లండులో పుట్టిన రాస్‌బెర్రీ పై మీలో కొందరికి తెలిసే ఉంటుంది. దాని గుండెకాయనే తీసి, దుమ్ముకూ ఎండకూ ఓర్చుకునే డబ్బాలో పెట్టి, 24 వోల్టుల కరెంటుతో నడిచేటట్టు చేసి ఫ్యాక్టరీలకు అమ్ముతారు. జర్మనీలో కున్‌బస్ వాళ్ళు చేసే రివల్యూషన్ పై ఆ బాపతుదే. మా పాలకేంద్రాల్లో ఉండేవీ ఆ జాతివే. లోపల డెబియన్ లినక్స్ ఉంటుంది.

మా కుందూ పక్క పల్లెలో ఒక పాలకేంద్రం ఉంది. పొద్దునా సాయంత్రం ఆడవాళ్ళు బర్రె పాలు తెచ్చి పోస్తారు. పెద్ద స్టీలు ట్యాంకు వాటిని 4 డిగ్రీలకు చల్లబరుస్తుంది. చల్లబరిచే పని కంప్రెసర్‌ది, దాని కంట్రోలర్‌ది. మా డబ్బా చేసేది ఒకటే: ఆ కంట్రోలర్‌ను నిమిషానికోసారి "ఎంత వేడి ఉంది?" అని అడిగి రాసుకోవడం, హద్దు దాటితే వాచ్‌మన్ మామకు ఫోను కొట్టడం. మసీదులో ముఅజ్జిన్ లాంటిదనుకోండి. నమాజు చదివేది మనమే, లేపేది ఆయన.

ఇంత చిన్న పనికి ఆపరేటింగ్ సిస్టం మార్చడం ఎందుకని అబ్బా కూడా అడిగినాడు. నడుస్తున్న మోటారును ఎవడన్నా విప్పుతాడా అన్నాడు. నిజమే, బోరు మోటారుకు బయటి లోకంతో తాల్లూక్ ఉండదు. మా డబ్బాకు ఉంటుంది, సిమ్‌కార్డు మోడెం తగిలించుకొని ఇరవై నాలుగు గంటలూ ఇంటర్నెట్‌లోనే కూర్చుంటుంది. దాంట్లో ఉన్నది డెబియన్ 10, 2019 జులైలో వచ్చింది, పేరు బస్టర్. (డెబియన్ వాళ్ళు ప్రతి దానికీ టాయ్ స్టోరీ అనే బొమ్మల సినిమాలోని పాత్ర పేరు పెడతారు. బస్టర్ ఆ సినిమాలో కుక్కపిల్ల. దర్వాజా కాడ కాపలాకు ఖూబ్ పేరే.) 2024 జూన్ 30తో దాని మీద డెబియన్ వాళ్ళు చేతులెత్తేసినారు. ఆ తర్వాత ఎక్కడ కంత బయటపడినా వాళ్ళు పూడ్చరు. ఇంటి తాళం పాతదైతే ఫికర్ లేదు, ఆ తాళానికి మారు తాళంచెవులు బజార్లో అమ్ముతుంటేనే ఫికర్.

ఉన్నచోటనే ఒక్కో కమాండు కొట్టి 10 నుంచి సీదా 12కు ఎగబాకుదామంటే కుదరదు. ఒక మెట్టు వదిలి పైమెట్టు ఎక్కడానికి డెబియన్ వాళ్ళు ఒప్పుకోరు. 10 నుంచి 11, 11 నుంచి 12, అట్లా పోవాలి. సగం దారిలో సిగ్నల్ పోయిందంటే డబ్బా ఇటూ కాకుండా అటూ కాకుండా నిలబడుతుంది. అందుకే మేము కేంద్రానికే పోయి, డబ్బాను యూఎస్‌బీ తీగతో ల్యాప్‌టాప్‌కు తగిలించి, లోపలి మెమొరీ మొత్తాన్ని అచ్చుగుద్దినట్టు నకలు తీసుకొని, కొత్తది మొదటినుంచి ఎక్కిస్తాం. కొత్తది డెబియన్ 12, బుక్‌వర్మ్. ఈ నకలు తీసే అలవాటు నాకు అబ్బా నుంచి వచ్చిందే. కాలిన మోటారు విప్పకముందు ఏ స్లాటులో ఎన్ని చుట్లున్నాయో, తీగ ఏ గేజో బీడీకట్ట కాగితం మీద రాసి చొక్కా జేబులో పెట్టుకునేవాడు. ఆ కాగితం పోతే మోటారు పోయినట్టే.

నకలు తీసినాను. ఆ ఒక్క విషయంలో నా తప్పు లేదు.

2025 రంజాన్‌లో, మార్చి ఎండల్లో ఆ కేంద్రానికి పోయినాను. రోజాతో ఉన్నాను. రోజా మీద నెపం పెట్టడం లేదు, నాలుక ఎండిపోయినా చేతులు బాగానే పనిచేస్తాయి. మధ్యాహ్నం టాంకరు రాకముందే నకలు పని మొదలుపెట్టినాను. టాంకరు పొద్దుటి పాలు తీసుకొని పోయింది, మామ ట్యాంకు కడిగినాడు, నేను బుక్‌వర్మ్ ఎక్కించినాను. పాత ప్రోగ్రాం పైథాన్ 3.7లో రాసింది, ఇందులో ఉన్నది 3.11. నాలుగు చోట్ల అలిగింది, బుజ్జగించేసరికి అసర్ దాటింది. పాత లెక్కలు పోకూడదని డేటాబేస్ తెచ్చి పెట్టినాను. పాత సెట్టింగుల ఫైళ్ళు తెచ్చి వాటి వాటి చోట్లలో పెట్టినాను. కేంద్రం ముందర ఆడవాళ్ళు క్యాన్లతో వరసగా నిలబడినారు. అందులో ఖాలా కూడా ఉంది. "ఒక్కపొద్దు ఇడ్సే టైం అయితాంది, ఇంటికి రా, గంజి చేసినా" అని లోపలికి కేకేసింది.

డబ్బా ఆన్ చేసినాను. మోడెం కలిసింది. హెడ్డాఫీసు పేజీలో మా కేంద్రం పక్కన ఆకుపచ్చ చుక్క వెలిగింది. గోడ మీది తెరలో 4.1 అని కనబడింది. అల్హందులిల్లా అనుకొని బండి తీసినాను.

ఇప్పుడు రాస్తుంటే కూడా నాకు కడుపులో తిప్పుతుంది. కిటికీ అవతల పొదుగు నుంచి అప్పుడే దిగిన పాలు, పొగలు ఒక్కటే తక్కువ, ట్యాంకులో పడుతున్నాయి. ఆ ట్యాంకు 4.1 డిగ్రీలు ఎట్లుంటుంది? చదువు లేని ఖాలాను అడిగినా చెప్తుంది. అది మధ్యాహ్నం పాత డబ్బా చివరగా రాసుకున్న అంకె. నేనే జాగ్రత్తగా మోసుకొచ్చి కొత్త డబ్బాలో పెట్టిన డేటాబేస్‌లోది. కొత్త డబ్బా కంట్రోలర్‌తో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

ఎందుకు మాట్లాడలేదంటే, బస్టర్‌లో ఆ రెండింటి మధ్య తీగకు అడ్రసు ఇచ్చేది డీహెచ్‌సీపీసీడీ అనే ప్రోగ్రాం. దాని ఫైల్లో మేము ఒక పక్కా అడ్రసు రాసి పెట్టినాం. బుక్‌వర్మ్‌లో ఆ పని నెట్‌వర్క్‌మేనేజర్‌ది. ఇది ఆ ఫైలు మొహం కూడా చూడదు, దీని కాగితాలు వేరే. నేను పెట్టిన ఫైలు పెట్టినచోటే ఉంది, పాత సర్పంచి పేరు మీద రాసిన అర్జీ మాదిరి. అడ్రసు ఎవరన్నా ఇస్తారేమోనని డబ్బా ఎదురుచూసింది. తీగకు అవతల ఉన్న కంట్రోలర్ ఎవరికీ అడ్రసులు పంచే రకం కాదు. ఇక కంట్రోలర్ బదులు పలకకపోతే మా ప్రోగ్రాం ఏం చేయాలి? గొంతు చించుకొని అరవాలి. అది చప్పుడు చేయకుండా మళ్ళీ మళ్ళీ అడుగుతూ కూర్చుంది. ఆ ప్రోగ్రాం రాసింది నేనే.

ఏడున్నర ప్రాంతంలో కరెంటు పోయి, నిమిషంలో వచ్చింది. లైట్లు వెలిగినాయి, ఫ్యాను తిరిగింది. కంప్రెసర్ మాత్రం ట్రిప్ అయి నిలబడిపోయింది. మామ ఫోను మోగలేదు. మోగలేదంటే అంతా ఖైరియత్ అని ఆయన ఏళ్ళ అలవాటు. మేమే నేర్పిన అలవాటు. నేను గంజి తాగి, తరావీహ్ చదువుకొని పండుకున్నాను.

సహెరీ ముగించి ఫజర్‌కు వజూ చేస్తుంటే మామ ఫోను చేసినాడు. "అల్లుడా, పాలు వాసనొస్తాండాయి." పోయేసరికి ఒక గిన్నెలో కాచి చూసినాడు, విరిగిపోయినాయి. 640 లీటర్లు. వెచ్చటి పాలు సగం కూడా చల్లబడకముందే ఆగిపోయి, మార్చి రాత్రంతా అట్లనే ఉన్నాయి. మూత తీసి వాల్వు తిప్పితే కాలువలోకి తెల్లగా పోతా ఉంటే, పొద్దుటి పాలు తెచ్చినవాళ్ళు క్యాన్లు దించకుండా చూస్తూ నిలబడినారు. ఎవరూ తిట్టలేదు. ఖాలా కూడా ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

ఆఫీసుకు రిపోర్టు రాయాలి. కారణం అనే గడి ఒకటి ఉంది. "కరెంటు పోవడం వల్ల కంప్రెసర్ ట్రిప్ అయింది" అని రాసినాను. అందులో ఝూట్ ఏమీ లేదు. అది పంపిస్తే పాల సంస్థ ఖాతాలో పోతుందో, ఆడవాళ్ళ బిల్లులో పోతుందో తేలడానికి నెలలు పడుతుంది, నా దాకా రాదు. పంపకముందు అబ్బాకు చదివి వినిపించినాను. ఆయన తస్బీ తిప్పడం ఆపకుండానే, "తెర మీద 4.1 కూడా కరెంటే రాసిందా?" అన్నాడు.

ఇంకో మాట కూడా అన్నాడు. అది కోపంగా అనలేదు, పని మనిషి పని మనిషికి చెప్పినట్టు చెప్పినాడు. "నేను వైండింగ్ చేసిన మోటారు బల్ల మీద తిరిగితే ఎప్పుడన్నా పైసలు తీసుకున్యానా? బోర్లో దింపి, చేన్లో నీళ్ళు పడినాక తీసుకున్యా." నిజమే. చిన్నప్పుడు ఆ నీళ్ళ కోసం ఎదురుచూసి ఎదురుచూసి నేను శనగచేను గట్టు మీదనే నిద్రపోయేవాణ్ణి.

రిపోర్టు చింపి మళ్ళీ రాసినాను. తెర సంగతి, అడ్రసు సంగతి, పరీక్షించకుండా పోయిన సంగతి, అన్నీ. ఆఫీసులో పెద్దగా గొడవ జరగలేదు, జరగకుండానూ పోలేదు. ఆడవాళ్ళ పదిహేను రోజుల బిల్లులో ఆ పూట పాలకు కూడా డబ్బు పడింది. అందులో కొంత నా జీతంలో నాలుగు నెలలు పోయింది. ఆ ఈద్‌కు ఇంట్లో కొత్త బట్టలు పిల్లలకు మాత్రమే కుట్టించినాం. అమ్మీ దాని గురించి ఇప్పటికీ మాట్లాడదు.

మిగతా కేంద్రాలు ఆ తర్వాత చేసినాను. ప్రోగ్రాంలో రెండు మార్పులు పెట్టినాను. అంకె పక్కన అది ఏ గంటకు వచ్చిందో టైం కనబడుతుంది. కంట్రోలర్ ఐదు నిమిషాలు పలకకపోతే పాలు చెడినప్పుడు కొట్టినంత గట్టిగానే ఫోను కొడుతుంది. ముందుగా ఇంట్లో ఒక స్పేర్ డబ్బాకూ స్పేర్ కంట్రోలర్‌కూ తీగ కలిపి వారం రోజులు నడిపించి చూస్తాను. సెట్టింగులు ఫైళ్ళుగా మోసుకుపోవడం మానేసినాను. కాగితం మీద రాసుకొని, కొత్త సిస్టంలో దాని పద్ధతిలో మళ్ళీ రాస్తాను. ఈ పని చేసే తమ్ముళ్ళు ఎవరన్నా చదువుతుంటే: తెర మీది అంకెను చెరిపేసి, కొత్తది వచ్చేదాకా అక్కడినుంచి కదలొద్దు.

అన్నిటికన్నా చివర మళ్ళీ ఆ పల్లెకే పోయినాను, సరిచేసిన ప్రోగ్రాం ఎక్కించడానికి. పని అయినాక కంట్రోలర్ సెన్సారును బయటికి తీసి, మామ తెచ్చిన వేడినీళ్ళ చెంబులో ముంచినాను. తెర మీద అంకె ఎక్కుతా పోయింది. 9, 17, 31. మామ ఫోను చేతిలో పట్టుకొని నిలబడినాడు. వరసలో ఉన్న ఆడవాళ్ళు కూడా మాటలు ఆపేసినారు. కొంచెం లేటయింది, నాకు చెమట పట్టింది.

మోగింది.

"ఇంగొగసారి మోగనీ" అంది ఖాలా, క్యాను దించకుండానే. సెన్సారు తుడిచి, చల్లారనిచ్చి, మళ్ళీ ముంచినాను.